గోడ అవతలి రేడియో

దర్జీ అమ్మ రాసుకొచ్చిన ఫిర్యాదు మూడు పేజీలు. మున్సిపల్ ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చున్న పెద్దాయన మొదటి పేజీ చదివి, జేబులోంచి పెన్ను తీసి, పైనుంచి కిందికి ఒకే ఒక్క గీత గీశారు.

"అయ్యో, కుట్టుమిషను పక్కన పెట్టి మరీ రాశానండీ," అంది ఆమె.

"కనబడుతోందమ్మా. కానీ ఇందులో తిట్లే ఎక్కువ. తిట్లు చదివి ఏ అధికారీ పని చెయ్యడు. పక్కన పెట్టి టీ తాగుతాడు."

ఆయనెవరో ఆమెకు తెలియదు. రోజూ ఈ ఆఫీసు వరండాలో కూర్చుంటారనీ, ఫిర్యాదులు తెచ్చినవాళ్లకు ఊరికే దిద్దిపెడతారనీ, అందరూ కొట్టివేతల మాస్టారు అంటారనీ బంట్రోతు చెప్పాడు. ఊరికే అనేసరికి ఆమెకు అనుమానం వేసింది. పనీపాటా లేని మనిషైనా అయ్యుండాలి, లోపల ఎవరికో ఏజెంటైనా అయ్యుండాలి.

"అసలు బాధేమిటో నోటితో చెప్పండి."

"మా ఇంటి గోడకి ఆనుకుని పాత పంపుహౌసు ఉందండీ. మోటారు ఎప్పుడో తీసేశారు. ఇప్పుడు అందులో ఎవడో చేరాడు. పొద్దున లేస్తే రేడియో. సాయంత్రందాకా రేడియో. చెవులు చిల్లులు పడుతున్నాయి."

"ఏ వీధమ్మా మీది?"

చెప్పింది.

ఆయన పెన్ను కాసేపు కదల్లేదు.

"ఆ మనిషిని ఎప్పుడైనా చూశారా?"

"ఎక్కడండీ. గోడ ఒక్కటే గానీ తలుపులు చెరో వీధిలోకి. అసలు నేను మిషను దగ్గర్నుంచి లేస్తే కదా."

"వెళ్లి ఒక మాట చెప్పి చూడకపోయారా?"

"ముక్కూ మొహం తెలియనివాడితో నాకేం మాటలండీ?"

ఆ మాట ముక్కూ మొహం తెలియని మనిషితోనే అంటున్నానని ఆమెకు తట్టలేదు.

"తాగుబోతు, దొంగ అని రాశారు. చూశారా మరి?"

"లేదు."

"అయితే తీసేద్దాం. చెవులారా విన్నది చాలు. ఉత్తరం నీళ్ల శాఖ ఇంజినీరుకి రాయండి, గది వాళ్లది. పైవాళ్లందరికీ పంపారంటే ఎవరికి వాళ్లు పక్కవాడు చూస్తాడులే అనుకుంటారు."

ఆయన కొత్త కాగితం తీసి రాయడం మొదలుపెట్టారు. చొక్కాకి గుండె దగ్గర గుండీ లేదు, పిన్నీసు ఉంది. అది చూశాక దర్జీ అమ్మ చేతులు ఊరుకోలేదు. సంచీలోంచి సూదీ దారం తీసింది. దొరికిన గుండీ మాత్రం ఆకుపచ్చది.

"తెల్ల చొక్కాకి బాగుండదేమోనండీ."

"నన్నెవరు చూస్తారమ్మా. కుట్టెయ్యండి."

"అయితే కదలకండి, గుచ్చుకుంటుంది."

ఆయన బుద్ధిగా కదలకుండా కూర్చున్నారు. గుండీ కుట్టడం అయ్యాక కూడా కాసేపు అలాగే ఉన్నారు.

"చివర్లో ఒక్కటే అడగాలి," అన్నారు తర్వాత. "రేడియో తగ్గితే చాలా, మనిషే పోవాలా?"

నిజానికి ఆమెను బాధపెట్టింది ఆ చప్పుడు కాదు. భర్త పోయాక ఆ ఇంట్లో మిషను మోతే తప్ప ఇంకో అలికిడి లేదు. గోడ అవతల మాత్రం రోజంతా ఎవరో మాట్లాడుతుంటారు, పాడుతుంటారు, నవ్వుతుంటారు. అది వింటుంటే లోకమంతా పక్కింట్లోనే ఉన్నట్టూ, తననొక్కదాన్నే ఇవతల వదిలేసినట్టూ అనిపించి ఏడుపొచ్చేది. ఇదంతా ఎవరికి చెప్పుకుంటుంది?

"మనిషే పోవాలి," అంది. "ఆ రేడియో వినే నాథుడు కూడా ఉన్నట్టు లేడండీ. స్టేషను పోయి గరగరమంటున్నా తిప్పే దిక్కుండదు."

"బయటికి వెళ్తూ పెట్టి వెళ్తాడేమో," అన్నారు ఆయన కాగితం మీంచి తలెత్తకుండా. "తిరిగొచ్చి తాళం తీసేసరికి లోపల ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉండాలని."

"అది కూడా రాయాలా?"

"అక్కర్లేదమ్మా. ఇంజినీరుకి దాంతో పని లేదు. ఆ గదిలో మనిషి కాపురం ఉండటానికి అనుమతి లేదు. ఆ ముక్క మొదటి వాక్యంలో పెడుతున్నాను. మీ పని అయిపోతుంది."

మూడు పేజీలు అరపేజీ అయ్యాయి. చదువుకుంటే ఆమెకే ముచ్చటేసింది. కింద సంతకం పెట్టి లోపల ఇచ్చి వచ్చింది.

ఆ సాయంత్రం నుంచే రేడియో ఆగిపోయింది.

బ్యాటరీలు అయిపోయి ఉంటాయనుకుంది. మర్నాడూ మోగలేదు, ఆ మర్నాడూ మోగలేదు. ఇక ఫిర్యాదు వెనక్కి తీసుకుందామా అనిపించింది. కానీ అంత చక్కగా కుదిరిన ఉత్తరాన్ని వృథా చేసుకోవడానికి మనసు ఒప్పలేదు.

తర్వాతి వారం నీళ్ల శాఖ మనుషులు వచ్చి గది ఖాళీ చేయించారు. ఆమె బయటికి వచ్చి చూడలేదు. గోడ అవతల సామాను జరుపుతున్న చప్పుడు కాసేపే వినబడింది. ఆ తర్వాత గోడ అవతలా నిశ్శబ్దమే, ఇవతలా నిశ్శబ్దమే. ఇన్నాళ్లూ తిట్టుకుంటూనే ఆ మాటలకు అలవాటు పడ్డానని అప్పుడు తెలిసింది.

మాస్టారికి చెబుదామని ఆఫీసుకి వెళ్లింది. పిన్నీసు పెట్టిన చొక్కాలు ఇంకా ఉంటే ఇమ్మని అడుగుదామనీ, కాసేపు మాట్లాడదామనీ కూడా ఉంది. బెంచీ ఖాళీగా కనబడింది.

"ఈ మధ్య రావడం లేదమ్మా," అన్నాడు బంట్రోతు.

"ఇల్లెక్కడ?"

"ఏమో. మేమెవరమూ అడగలేదు."

తిరిగి వస్తూ, ఏం తోచిందో, మొదటిసారి అవతలి వీధిలోంచి నడిచింది. పంపుహౌసు తలుపు బార్లా తీసి ఉంది. అంతమంది గొంతులు పట్టిన గది ఎంతుందో చూద్దామని లోపలికి తొంగిచూసింది. ఒక్క మనిషి కాళ్లు చాపుకుంటే నిండిపోయేంత ఉంది.

తన ఇంటి గోడ వైపు కట్టిన తాడు మీద, తీసుకెళ్లడం మరిచిపోయిన తెల్ల చొక్కా ఒకటి వేలాడుతోంది, గుండె దగ్గర ఆకుపచ్చ గుండీతో.