రాతిదుంగ వెనక గొంతు

ఇసుక దిబ్బల మధ్య గడ్డిబీట్లో ఒక ముసలి బట్టమేకపక్షి ఉండేది. తొలకరి పడితే చాలు, మెడ ఉబ్బించి, తోక విప్పి, జోడు కోసం పిలిచేది. ఒకప్పుడు ఆ పిలుపుకి నాలుగు దిక్కుల నుంచీ ఆడపక్షులు బదులిచ్చేవి. వేటగాళ్ల తుపాకులు ఆగి, ఎడారి చుట్టూ కంచె వచ్చేసరికి ఇదొక్కటే మిగిలింది. అయినా పిలవడం మానలేదు.

“ఎవరున్నారని తాతా, గొంతు చించుకుంటావు?” అని నవ్వేది, ఎవరి గొంతునైనా అచ్చంగా దింపేసే భరతపిట్ట.

ఒకనాడు ఆ పిట్టకి తాతని ఆటపట్టించాలనిపించింది. ఏ కాలంలోనో చెట్టుగా బతికి రాయైపోయిన దుంగ ఒకటి అక్కడ ఉంది. దాని వెనక నక్కి, చిన్నప్పుడు విన్న ఆడపక్షి గొంతుతో బదులు పలికింది.

ముసలిపక్షి పడుతూ లేస్తూ పరుగెత్తుకొచ్చింది. దుంగ చుట్టూ వెతికితే పిట్ట కనబడింది. పిట్టకి నవ్వు రాలేదు.

“తప్పయింది తాతా. ఇంకెప్పుడూ చెయ్యను.”

ముసలిది మెల్లగా దుంగకి అవతలి పక్కకి వెళ్లి కూర్చుంది.

“ఇక్కణ్ణించి నువ్వు కనబడవు,” అంది. “ఇంకొక్కసారి పలకవూ.”