గోటి చప్పుడు

"ఇది మా చెత్త ప్లాస్టిక్‌తో చేసిన కుర్చీ కాదమ్మా," అంది దమ్యానా, గోటితో దాన్ని మళ్లీ మీటి.

ముప్పై ఏళ్లుగా కైరో చెత్తలో ప్లాస్టిక్‌ను చప్పుడు విని వేరుచేస్తున్న మనిషి. షోరూంలో ఫొటో తీస్తామంటే నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుని మరీ వచ్చింది.

"మెల్లగా!" డిజైనర్ యాస్మీన్ గుమ్మం వైపు చూసింది. "మీ ప్లాస్టిక్ వాసనొస్తోందని కొనేవాళ్లు మొహం తిప్పేశారు. ఇది కొత్త ప్లాస్టిక్కే. చెత్తలోంచి వచ్చినట్టు కనబడాలని రంగు చుక్కలు నేనే వేయించాను."

"మరి గోడ మీద అంతంత అక్షరాలతో మా బస్తీ పేరేసుకున్నారే?"

"పేరుకు వాసన ఉండదుగా. కూర్చోండి."

దమ్యానా కుర్చీ అంచున కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుంది.

యాస్మీన్ కెమెరా ఎత్తి, దించేసింది.

"అయ్యో, చేతులు కడుక్కొచ్చారా? అదిగో పూలకుండీ. కాస్త మట్టి రుద్దుకోండి."