రోడ్డు వైపు అర ఎకరం

“ఆడదాని చదువు కోసం మా అన్న భూమి అమ్ముతారా? చదువయ్యాక ఎవడినో చేసుకుని పోతుంది. పోయిన భూమి తిరిగొస్తుందా, మీరే చెప్పండి మేడమ్,” అన్నాడు ఒంబాటి.

కిసీ పట్టణం కోర్టు హాల్లో వెనక బెంచీల వాళ్ళు కొందరు తలలూపారు. అర్జీ పెట్టిన మకోరి మాత్రం బాబాయి వైపు చూడలేదు. అతని తండ్రి ఒన్సొంగో పోయి రెండేళ్ళయింది. వదిలి వెళ్ళింది ఒక ఇల్లు, రెండెకరాల తేయాకు తోట. అందులో రోడ్డు వైపు అర ఎకరం అమ్మి, కెరూబోని పక్క జిల్లా నర్సింగు కాలేజీలో చేర్పించాలని మకోరి పట్టుదల. మోటారుసైకిలు మీద మనుషుల్ని ఎక్కించుకుని తిప్పి అతను తెచ్చేది ఇంటి తిండికే సరి. చెల్లెలు మోరాకి పదహారేళ్ళే. మైనరు వాటా కలిసిన ఆస్తి కనుక కోర్టు సరేననకుండా గజం కూడా అమ్మడానికి లేదు.

తోట మొత్తంలో అదే మంచి ముక్క కదా, దాన్నే ఎందుకు అమ్మడమని మేజిస్ట్రేటు అడిగింది. మంచి పనికి మంచి ముక్కే పోవాలని మకోరి జవాబు. తర్వాత పక్కనున్న కెరూబోని చూపిస్తూ చెప్పాడు.

“ఎనిమిదో తరగతితో బడి మాన్పించింది నాన్నే మేడమ్. మంచం పట్టాక ఆయనకి సీసాల మీద రాసింది చదివి వేళకి మందులు వేసిందీ, పుండ్లు కడిగిందీ తనే. నీకు అన్యాయం చేశానని చివర్లో చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. ఆ తప్పు దిద్దే పని నాకు వదిలిపెట్టాడు.”

కెరూబో పొద్దంతా ఆకు కోస్తూనే ప్రైవేటుగా హైస్కూలు చివరి పరీక్ష కట్టింది. ఆ ఊళ్ళో అలా కట్టి పాసైన ఆడమనిషి అంతకుముందు లేదు. మార్కుల కాగితం మేజిస్ట్రేటు ఒకసారి చదివి, మళ్ళీ మొదటినుంచి చదివింది. ఆపైన మోరాని ముందుకు పిలిచి, నీ వాటా కూడా పోతుంది, ఎవరైనా బెదిరించి ఒప్పించారా అని అడిగింది.

“లేదు మేడమ్. ఇద్దరం ఒకే పుస్తకాలు పంచుకుని చదివాం. నాకు లెక్కలొచ్చాయంటే తను చెప్పబట్టే. తను నర్సయితే ఇక నా చదువు గురించి నాకు బెంగ లేదు.”

చివరికి కెరూబో లేచి నిలబడింది. పాసవుతానన్న నమ్మకం ఉందా అని మేజిస్ట్రేటు అడిగితే తల దించుకోలేదు.

“పాసవడానికి కాదు మేడమ్. ఫస్టు రావడానికి వెళ్తున్నాను.”

హాల్లో నవ్వులు లేచాయి. మేజిస్ట్రేటు నవ్వలేదు. అర ఎకరం వరకే అనుమతి ఇస్తూ, డబ్బు నేరుగా కాలేజీకే కట్టాలనీ, మోరాకి పద్దెనిమిది నిండేదాకా మిగతా తోట ముట్టకూడదనీ రాసి సంతకం చేసింది.

బయట మెట్ల మీద ఒంబాటి అడ్డం నిలబడ్డాడు. అన్న బతికుంటే ఇలా జరగనిచ్చేవాడా అని అడిగాడు.

“బతికుంటే అమ్మకం కాగితం మీద సంతకం ఆయనే పెట్టేవాడు బాబాయ్,” అన్నాడు మకోరి.

ఒంబాటి విసురుగా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కానీ ప్రయాణం నాటి ఉదయం అతనే ఒక అరటిగెల భుజాన మోసుకొచ్చి వ్యాను పైకెక్కించాడు. ఊరి ఆడవాళ్ళు రోడ్డు దాకా పాడుతూ సాగనంపారు.

కాలేజీ ఆఫీసులో గుమాస్తా దరఖాస్తు తిరగేశాడు. సంరక్షకుడి గడిలో ఉన్న సంతకం చూసి, ఎదురుగా నిలబడ్డ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

“ఈ కెరూబోకి మీరేమవుతారు?”

మకోరి చొక్కా సర్దుకుని, ఆఫీసులో అందరికీ వినపడేలా చెప్పాడు.

“కొడుకుని.”