నాలుగో గొట్టం

“పెట్టె తియ్యి కాంతమ్మా” అంది డాక్టర్ మాణిక్యాంబ.

ఆయా కాంతమ్మ తన రేకుపెట్టె తాళం తీసింది. బాపట్ల కాలేజీ ఫిజిక్సు లెక్చరరు ప్రకాశం రేడియం జాడ పట్టే గీగర్ కౌంటరు పట్టుకుని పక్కన కూర్చున్నాడు. తెనాలి ఆసుపత్రిలో ఉదయం నుంచి వెతుకుతున్నారు. చాకలి మూటలు, చెత్తగుంట, మురుగుకాలవ అయిపోయాయి. కౌంటరు ఎక్కడైనా కొట్టే మామూలు లెక్క, నిమిషానికి ముప్ఫైకి మించి కొట్టలేదు.

సీసం పెట్టెలో నాలుగు రేడియం గొట్టాలుండాలి. ఆ ఉదయం మూడే ఉన్నాయి. కాన్సరు రోగులకు లోపల పెట్టే గొట్టాలవి. అంగుళం లోపు పొడవు, ఒక చివర దారానికి కన్నం. సీసం పెట్టె తాళం డాక్టరు దగ్గరే ఉంటుంది. చివరిసారి వాడింది తొమ్మిది రోజుల కిందట, రేపల్లె నాగూర్‌బీకి.

“అన్నీ తీసి ట్రేలో పెట్టానండి. ట్రే కడిగింది ఈవిడే” అంది డాక్టరు. “అది ఒంటికి తగిలి ఒక్కరోజుంటే పుండవుతుంది. వారముంటే మనిషి దక్కడు. సాయంత్రంలోపు దొరక్కపోతే పోలీసులకు అప్పగిస్తాను.”

“రేడియమంటే గడియారం ముళ్ళమీద మెరిసే పొడేగా అమ్మగారూ? నేనెక్కడ చూశాను?”

“కబుర్లాపు.”

ప్రకాశం కౌంటరును పెట్టెలోకి దించాడు. టకటకా కొట్టింది. నిమిషానికి మూడొందలు.

“అనుకున్నా! పదేళ్ళు అన్నం పెట్టాను కదే!”

కాంతమ్మ కూలబడింది. “ప్రభువు సాక్షి. నేను దొంగను కానమ్మా.”

“ఉండండి మేడం” అన్నాడు ప్రకాశం. కౌంటరుకు కాగితం అడ్డుపెట్టాడు. మోత కొంత తగ్గింది. అల్యూమినియం పలక పెట్టాడు. దాదాపు ఆగిపోయింది.

“కాగితానికి ఆగినవి ఆల్ఫా కిరణాలు. పలకకు ఆగినవి బీటాలు. మీ గొట్టంలోంచి వచ్చేవి గామాలండి. అవి ఈ పలకను లెక్కచెయ్యవు. ఇది మీ రేడియం కాదు.”

చీరల కిందనుంచి ఓ పొట్లం తీశాడు. పెట్రోమాక్స్ లైటులో వెలిగే గుడ్డ వలలు, మాంటిల్స్.

“వీటిలో థోరియం ఉంటుంది. అదీ కిరణాలు వదులుతుంది.”

“మా ఆయన పెళ్ళిళ్ళకు లైట్లు అద్దెకిస్తాడు బాబూ” అంది కాంతమ్మ.

డాక్టరు పొట్లం అందుకుని మళ్ళీ చీరల కింద పెట్టింది.

“నోరు జారాను కాంతమ్మా. ఏమనుకోకు.”

కాంతమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ప్రకాశం కౌంటరు స్విచ్చి కట్టేశాడు.

“పరాయిసొత్తు నాకెందుకమ్మగారూ? నాగూర్‌బీ వెళ్ళిపోయాక పక్క దులుపుతుంటే ఆమె వస్తువొకటి దొరికింది. మర్నాడే పని మానుకుని రేపల్లె బండెక్కి ఇచ్చొచ్చాను. ముసలమ్మ నిద్రపోతోంటే లేపలేదు కూడాను.”

“ఏంటది?” అడిగింది డాక్టరు, రేకుపెట్టె మూత వేస్తూ.

“తాయెత్తండి, కన్నంలో నల్లదారం ఎక్కించి చంటి మనవరాలి మెడలో నేనే కట్టాను.”