కొసరు మొక్క

"జర పక్కకు జరుగవ్వా, ఈ చెట్లు నరకాలె," అన్నాను గొడ్డలి భుజం మీంచి దించుతూ.

అజీజ్‌బీ జరగలేదు. నా నర్సరీ కంచె అవతలే ఆమె ఇల్లు. వాకిట్లో మూడు జామాయిల్ చెట్లు, ఆకుల నిండా బుడిపెలు.

"అవేం పాపం చేసినయి మహిపాలూ?"

"గా బుడిపెలల్ల పురుగుంటది. రెక్కలొచ్చినంక నా జామాయిల్ మొక్కల మీద వడ్తది. మందు కొడ్తే లోపటికి తగలదు. మూడేండ్ల సంది గిదే పరేషాన్. నిన్న ఆఫీసరు సారొచ్చి ఎనిమిది వేల మొక్కలు కాలబెట్టుమన్నడు. నీ చెట్లతోనే నేను మునిగిన."

"ఇవి నేను కొన్ననా? మామిడి అంటు కొన్ననాడు నువ్వే కొసరు కింద ఇచ్చినవు. ఆకు జర బుడిపెలు కట్టింది, ఎవరూ కొనరు, పెట్టుకో అవ్వా అన్నవు. బియ్యం కడిగిన నీళ్లు పోసి బతికించిన."

అమ్ముడుపోని మొక్కను పారేయకుండా కొసరు వేయడం మా నాయిన నేర్పిన అలవాటు. అది అందుకుని మురవని మనిషిని నేను చూడలేదు.

అజీజ్‌బీ పక్కకు జరిగింది.

"నరుకు, నేనేమనను. గని ఒక్క మాట చెప్పు బిడ్డా. నాకొక్కదానికే ఇచ్చినవా, అందరికీ గిసొంటియే ఇచ్చినవా?"

కేసముద్రం నుంచి కొడకండ్ల దాకా నా కొసరు మొక్క నాటని ఊరు లేదు. నా చేతిలో ఉన్నది ఒక్క గొడ్డలి.