నడుము రెండించీలు

"మనిషి ఎదురుగా లేకుండా నడుము ముట్టుకోను చెల్లెమ్మా. మాస్టారినే రమ్మను" అన్నాడు టైలరు, ప్యాంటుని బల్లమీద ఆమెవైపు తోసేస్తూ.

"ఆయన రాలేరన్నయ్యా. రెండించీలు వదులు చేస్తే చాలు. మూడింటికల్లా కావాలి."

టైలరు గడియారం చూశాడు. పన్నెండున్నర. మిషను మీద ఎవరిదో కోటు సగంలో ఉంది. టైలరు మంచివాడే గానీ, కొలతల దగ్గర మాత్రం మహా మొండిఘటం. పదిహేనేళ్ళుగా ఈమె భర్త డ్రిల్లు మాస్టారికి బట్టలు కుడుతున్నాడు. ఒక్కసారి కూడా పాత ప్యాంటు చూసి కొత్తది కుట్టిన పాపాన పోలేదు.

"అంత ముంచుకొచ్చిన పనేంటమ్మా? అది ఆయనకి అతికినట్టుంటుంది."

"అతికినట్టుంది కాబట్టే ఈ బాధంతా!" ఆమె గొంతు పెరిగింది. "ఛాతీలో ఒకటే మంట. వంగితే చాలు, పుల్లటి నీళ్ళు గొంతులోకి. పిల్లలకి వంగి కాలివేళ్ళు ముట్టుకోవడం చూపించి, లేచి విజిలు వెయ్యబోతే ఎన్నిసార్లు పొలమారిందో!"

"గుండేమో! చూపించారా?"

"గుండె కాదన్నారు. లోపల మూత పాడైందన్నారు."

"మూతా?"

ఆమె బల్లమీది సుద్దముక్క తీసుకుని, డాక్టరు తమకి గీసి చూపించినట్టే గీసింది. ఒక గొట్టం. దాని కింద సంచిలా పొట్ట. రెండూ కలిసేచోట చిన్న ఉంగరం.

"ఇది కండరమట. మింగినప్పుడు తెరుచుకుని, వెంటనే బిగుసుకుంటుంది. దిగిన తిండి మళ్ళీ పైకి రాకుండా. ఛాతీకీ పొట్టకీ మధ్య పరదాలాంటి కండరం ఇంకొకటుంది. అందులో ఉన్న కంతలోంచే ఈ గొట్టం దిగుతుంది. ఆ పరదా కూడా చుట్టూ పట్టుకుని ఉంగరానికి సాయపడుతుందట. ఆయనకేమో ఆ కంత సాగిపోయి, పొట్ట పైభాగం ఛాతీలోకి జరిగింది. ఇంక ఉంగరానికి పట్టు ఎక్కడిది?"

"అంటే సంచి మూతి దగ్గర నాడా వదులైపోయిందన్నమాట."

"అంతే. అలాంటి సంచిని నడుం దగ్గర నొక్కితే ఏమవుతుంది? నువ్వే చెప్పు."

టైలరు వంగి ఆ సుద్దగీతలు చూశాడు.

"డాక్టరు మాత్రలిచ్చారు, వేసుకున్నారు. మంచానికి తలవైపు ఎత్తు పెట్టమన్నారు, పెట్టుకున్నారు. నడుం బిగించొద్దంటే మాత్రం వినలేదు. ఆయనకి లేకపోతే నీకైనా బుద్ధుండక్కర్లేదా అన్నయ్యా, ఇంత బిగుతుగా కుట్టడానికి?"

ఆ మాటకి టైలరుకి చిర్రెత్తుకొచ్చింది. "నన్నంటావేంటమ్మా! వదులు చేస్తానని మూడుసార్లు చెప్పా. ఇదిగో, లోపల బట్ట కూడా వదిలిపెట్టా, చూసుకో. ఆయనే వద్దన్నారు. ఊపిరి వదలండి మాస్టారూ అంటే బిగబట్టి నిలబడేవారు. 'మా ఆవిడ నవ్వుతుందయ్యా, డ్రిల్లు మాస్టారికి బానపొట్టేంటంటుంది, నువ్వు ఇలాగే కొలువు' అనేవారు."

ఆమె సుద్దముక్క కింద పెట్టేసింది.

"నేనేదో సరదాకన్నానన్నయ్యా" అంది. "సరదాకే అన్నాను." అంతే, బల్లమీద తల వాల్చి భోరుమంది.

టైలరు గబుక్కున లేచాడు. అనవసరంగా నోరు జారి మొగుడూ పెళ్ళాల మధ్య పుల్ల పెట్టానే అని తనని తాను తిట్టుకున్నాడు. "అయ్యయ్యో, ఊరుకో చెల్లెమ్మా. పోట్లాడుకుని వచ్చావా ఏంటి? ఎంతసేపు పని ఇది!" అంటూ కోటుని పక్కన పడేసి, నడుంపట్టీ కుట్లు బ్లేడుతో విప్పాడు. లోపల దాచిన బట్టంతా వదిలి, కొత్త కుట్టు వేసి, ఇస్త్రీ చేసి మడతపెట్టాడు. మనిషి లేకుండా నడుము ముట్టుకోవడం అతనికి అదే మొదటిసారి.

"రెండు కాదు, రెండున్నర వదిలా. ఇంకెప్పుడూ ఆయన పొట్టని చూసి నవ్వకు" అన్నాడు, ఆమెని నవ్వించాలని.

"నవ్వనన్నయ్యా."

"కానీ కొలత తీసుకోలేదు కదా, నాకు ధీమాగా లేదమ్మా. వేసుకున్నాక మాస్టారిని ఓసారి కుర్చీలో కూర్చోమను. కూర్చున్నప్పుడే తెలిసేది అసలు సంగతి. ఏమాత్రం పట్టేసినా ఫోన్ చెయ్యి, నేనే ఇంటికొచ్చి సరిచేస్తా."

ఆమె ప్యాంటుని రెండు చేతులతో గుండెలకి హత్తుకుని గుమ్మం దిగింది.

"ఆయనింక కూర్చోరన్నయ్యా. మూడింటికి నలుగురూ మోసుకెళ్తారు."