హస్తవాసి

"ఆంటీ, అపాయింట్‌మెంట్ ఉందా?"

"లేదమ్మాయ్."

"పన్ను నొప్పా?"

ముసలావిడ నవ్వింది. ఒక్క పన్నైనా ఉంటే కదా నొప్పి పుట్టడానికి!

సిడ్నీకి పది గంటల దూరంలో ఆదివాసీల ఊరు అది. పిల్లల పళ్ళ డాక్టర్ వసుంధర అక్కడికి కొత్త. పెద్దవాళ్ళని ఆ ఊళ్ళోనూ ఆంటీ అనే పిలుస్తారు. అందుకే ఆవిడ పేరు అడిగే అవసరం పడలేదు.

తెలుగు మాట వినాలంటే సాయంత్రం ఫోనే గతి. భర్త విఠల్ సిడ్నీలోని హారిస్ పార్క్‌లో ఉంటాడు.

"రోజుకి పదిహేను మంది పిల్లలండీ! నెలాఖరుకి మూడొందలు దాటితేనే క్లినిక్ ఉంచుతారట."

"దాటేస్తావులే. నీ హస్తవాసి అలాంటిది."

"ఆ ముసలావిడతోనే చావు. రోజూ వరండాలో ఉన్న ఒక్క కుర్చీ ఆవిడదే. నోరు చూపించదు, కదలదు."

"చెప్పి పంపించెయ్ వసూ. రూల్ ఈజ్ రూల్."

మర్నాడు చెప్పేసింది.

"ఆంటీ, ఇది పేషెంట్లు కూర్చునే చోటు."

ముసలావిడ కర్ర అందుకుని వెళ్ళిపోయింది.

ఆ మర్నాడు ఒక్క పిల్లా రాలేదు. వారమంతా అంతే. కుర్చీ ఖాళీ, క్లినిక్ ఖాళీ.

"తిన్నావా అమ్మాయ్?" అని ఈ ఊళ్ళో అడిగింది ఆవిడొక్కతేనని అప్పుడు గుర్తొచ్చింది. వసుంధరకి ఏడుపొచ్చింది.

నెలాఖరుకి ఫాక్స్ వచ్చింది, క్లినిక్ మూసేస్తున్నామని.

వెళ్ళేముందు క్షమాపణ చెప్పుకుందామని ఆవిడ ఇంటికి వెళ్ళింది. ముంగిట జనం. మనవరాలు ఎదురొచ్చింది.

"నిన్న పోయింది."

"అయ్యో! పేరైనా అడగలేదు నేను. ఏం పేరమ్మా?"

"పోయినవాళ్ళ పేరు మేం కొన్నాళ్ళు పలకం."

వసుంధర తల దించుకుంది.

"నా మీద కోపంతోనే పోయారా?"

"కోపమా? పరాయి ఊళ్ళో ఒంటరి పిల్ల అని నీ మీద బెంగ పెట్టుకుంది."

"మరి పిల్లల్ని పంపడం మానేశారేం?"

"నువ్వెవరో మాకేం తెలుసు? ముందొచ్చిన డాక్టర్లు పిల్లల్ని భయపెట్టి పోయారు. ఊరందరి చేత సంతకాలు పెట్టించి, ఆరేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగి, ఈ క్లినిక్ తెప్పించింది మా అవ్వే."

మనవరాలు కళ్ళు తుడుచుకుంది.

"అవ్వ ఎవరి గుమ్మంలో కూర్చుంటే వాళ్ళు మా మనుషులని ఊరంతా నమ్ముతుంది. నువ్వు లేపేసేదాకా, రోజూ నీ గుమ్మంలోనే కూర్చుంది."